కాలు విప్పుమను శాసన మెక్కడిది?

ఒక మనిషిని నలుగురిలో నిలిపి "నీ కాలు విప్పి ఈ పళ్ళెములో పెట్టుము" అని యడుగుటకు ఈ దేశమున నెవ్వరికి అధికారము కలదు? ఏ శాసనమున కలదు? ఏ సెక్షనున కలదు? విమానాశ్రయములలో తనిఖీ ద్వారములయొద్ద కృత్రిమపాదము ధరించినవారిని కాలు విప్పుమనుచున్నారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారిని లేచి నిలువుమనుచున్నారు. మోకాటిలో లోహపు కీలు అమర్పించుకొన్న వృద్ధురాలిని చీర సవరించి చూపుమనుచున్నారు. అడుగువారు అడుగుచునే యున్నారు. వారి నడుగువారు మాత్రము లేరు. కావున మేము అడుగుచున్నాము. దీనికి ప్రభుత్వమువారు సమాధానము చెప్పవలసియున్నది. చెప్పువరకు మరల మరల అడుగుట ప్రజల విధి.

"విమాన మెక్కగలవానికి ఈ మాత్రపు కష్టమొక కష్టమా?" యని తేలికగా తీసివేయువారు కలరు. వారు కాలము మారుటను గమనింపలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి పొట్టకూటికై దుబాయికిని మస్కటునకును పోవు కూలివాడు విమానముననే పోవుచున్నాడు. అచట పరంజా మీదినుండి జారిపడి, నడుము విరిగియో కాలు పోగొట్టుకొనియో తిరిగివచ్చునపుడును విమానముననే వచ్చుచున్నాడు. కూతురి పురిటికై అమెరికా పోవు గుంటూరు తల్లి రెండు మోకాళ్ళకును శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఆమెయు ఆ ద్వారము గుండనే పోవలెను. చికిత్సకై శంషాబాదు వచ్చు రోగియు, మ్రొక్కు తీర్చుకొనుటకై రేణిగుంటలో దిగు భక్తుడును ఆ ద్వారమునే దాటవలెను. 2011 జనాభా లెక్కలలో దేశమునందు వికలాంగులుగా నమోదైనవారు 2 కోట్ల 68 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నట్టివారు 22 లక్షలకు పైబడియుండిరి. వీరందరును విమానము లెక్కువారు కారు. కాని ఎక్కదలచిన ఏ యొక్కనికిని అవమానము టిక్కెట్టుతోపాటు రాగూడదు. నేడు చక్కగా నడచువాడు రేపును అట్లే నడచునని ఎవ్వరును పూచీ వ్రాసి యీయలేదు. ఇది పరాయివారి వ్యవహారము కాదు.

ముందుగా ఆ తనిఖీ యంత్రముల స్వభావమును తెలిసికొందము. మనము నడచిపోవు ఆ తలుపుచట్రములో తీగచుట్టలు కలవు. వానిలో పారు విద్యుత్తు చుట్టును అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రములోనికి లోహము వచ్చినయెడల అందు చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. వానిని పసిగట్టి యంత్రము కూత పెట్టును. అంతకు మించిన తెలివి దానికి లేదు. అది కత్తికిని కూయును. కోబాల్టు, క్రోమియములతో చేసిన మోకాటి కీలునకును కూయును. టైటానియపు తుంటికిని కూయును. ఎముక విరిగినచోట వేసిన పలకకును, దానికి బిగించిన మరలకును కూయవచ్చును. దుండగునికిని రోగికిని గల భేదము దాని కెరుక లేదు. ఆ భేదమును గుర్తించుటకే దాని ప్రక్కన నొక మనిషిని నిలిపినారు. ఆ మనిషియు యంత్రమువలెనే కూత పెట్టి యూరకున్నచో అతనిని అచట నిలుపుటవలన ప్రయోజనమేమి?

ఆ మనిషి చేతిలో సాధనములు లేవా? ఉన్నవి. చేతిలో పట్టుకొని త్రిప్పు లోహశోధకము కలదు. తడవి చూచు పద్ధతి కలదు. కృత్రిమపాదము మీదను, చక్రాల కుర్చీ పిడుల మీదను చిన్న పట్టీతో తుడిచి, ఆ పట్టీని యంత్రమున నుంచినయెడల పేలుడుపదార్థముల జాడ తెలియును. శరీరమంతయు చూచు నూతన యంత్రములు కలవు. అవి చర్మము మీద, బట్టల క్రింద దాచినదానిని పట్టును కాని, మోకాటిలోని లోహమునకు కూత పెట్టవు. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారి విషయమున, చేతి శోధకమును ఆ చోట నిలిపి యుంచవలదని వైద్యులు చెప్పుచున్నారు. అట్టివారిని చేతితో తడవి చూచిన చాలును. ఇన్ని దారు లుండగా అన్నిటికంటె క్రూరమైన దారినే మొదట త్రొక్కుట యేల?

ఈ సంగతి ప్రభుత్వమున కెరుక లేనిదా? అట్లును కాదు. 2021 అక్టోబరులో ప్రసిద్ధ నర్తకి సుధా చంద్రన్ ప్రధానమంత్రికి బహిరంగముగా మొరపెట్టుకొనెను. ఆమె తెలుగువారికి పరిచయము చేయవలసిన వ్యక్తి కాదు. 1981లో బస్సు ప్రమాదము వలన కుడికాలు కోల్పోయి, జయపూరు పాదము ధరించి, మరల గజ్జె కట్టిన ఆ మనస్విని కథను సింగీతం శ్రీనివాసరావుగారు "మయూరి" చిత్రముగా తీసిరి. ఆమెయే అందు నాయికగా నటించెను. మన యూరూర ఆ చిత్రము చూచి కంటతడి పెట్టినవారు లెక్కకు మిక్కిలి. అట్టి ఆమె తాను విమానప్రయాణము చేయునపుడెల్ల కృత్రిమపాదమును విప్పుమని అడుగుచున్నారనియు, పేలుడుపదార్థముల జాడ తెలుపు పరీక్షను చేయుడని తాను వేడుకొన్నను వినుట లేదనియు చెప్పుకొనెను. దేశమెల్ల గుర్తించిన ముఖమునకే ఈ గతి పట్టినచో, పేరు తెలియని జగిత్యాల కూలివాని గతి యేమని చెప్పవలెను?

దానికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారు క్షమాపణ చెప్పిరి. ఆ క్షమాపణలోనే ఒక మాట అనిరి. నిబంధనల ప్రకారము, అసాధారణ పరిస్థితులలో మాత్రమే కృత్రిమావయవమును విప్పుమని యడుగవలెనట. పాఠకమహాశయులు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. మా వాదమంతయు దీని మీదనే నిలిచియున్నది.

అటుపిమ్మట రెండు నెలలు నిండకముందే, 2021 డిసెంబరు నెలారంభమున, సుప్రీముకోర్టువారు ఇదే విషయమున పలికిరి. ఆ వ్యవహారమునకు పూర్వకథ కలదు. 2012లో జీజా ఘోష్ అను విదుషి, మస్తిష్క పక్షవాతము గల వ్యక్తి, కలకత్తానుండి గోవాకు పోవుటకై విమానమున కూర్చుండిన తరువాత, ఆమెను బలవంతముగా దింపివేసిరి. ఆమె న్యాయస్థానమునకు పోయెను. 2016 మే నెలలో సుప్రీముకోర్టువారు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారము ఇప్పించి, మర్యాదతో బ్రతుకుట వికలాంగునికిని ఇతరులకును సమానమైన హక్కని స్థిరపరచిరి. ఆ వ్యాజ్యమునకు అనుబంధముగానే 2021లో మరల విచారణ జరిగెను. కృత్రిమావయవములు ధరించినవారిని విమానాశ్రయ తనిఖీలలో వానిని విప్పుమని యడుగరాదనియు, వికలాంగుని అతని సమ్మతి లేక చేతులతో నెత్తుట అమానుషమనియు న్యాయమూర్తులు స్పష్టపరచిరి. దేశమునందలి అత్యున్నత న్యాయస్థానము ఇంత స్పష్టముగా పలికిన పిమ్మట, వివాదము ముగిసినదని ఎవ్వరైనను తలంతురు.

ముగియలేదు. 2024 ఆరంభమున కలకత్తా విమానాశ్రయమున, చక్రాల కుర్చీలో నున్న ఒక యువతిని లేచి నిలువుమని మూడు పర్యాయములు అడిగిరని ఆమె లోకమునకు చాటెను. నిలువలేని మనిషిని నిలువుమనుట ఏమి తనిఖీ? కుర్చీలో కూర్చున్నది ఆమె సరదా కొరకా? ఆ వార్త రెండు దినములు పత్రికలలో నిలిచినది. విచారము వెలిబుచ్చుట జరిగినది. పిదప వార్త చల్లారినది. 2021లో ఒక నర్తకి, 2024లో ఒక యువతి, నడుమ పేరు రాని వేనవేలమంది. న్యాయస్థానము పలికిన మాటకును తనిఖీ బల్లకును నడుమ ఎక్కడనో ఒక గోడ కలదు. ఆ గోడను కనుగొనుటయే మన పని.

ఆ గోడ పేరు "అసాధారణ పరిస్థితి". ఈ రెండు మాటలను ఎవరు నిర్వచించిరి? ఏది అసాధారణము? జనము క్రిక్కిరియుట అసాధారణమా? భటునికి ఆనాడు సహనము చాలకుండుట అసాధారణమా? పండుగనాటి హెచ్చరిక అసాధారణమా? నిర్ణయించువాడు ఆ ద్వారమున నున్నవాడే, నిర్ణయమునకు కారణము చెప్పనక్కరలేదు, చెప్పినను వ్రాయనక్కరలేదు, వ్రాయనిదానిపై అప్పీలు లేదు. కారణము చెప్పనక్కరలేని మినహాయింపు కొలదికాలములోనే నియమమును మ్రింగివేయును. ఇది న్యాయస్థానములలో నల్లకోటు తొడిగిన ప్రతివాడును ఎరిగిన సత్యము. నియమము కాగితముమీద నిలిచియుండును. మినహాయింపు బల్లకడ కూర్చుండి రాజ్యమేలును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2016 వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులో నున్నది. అందు 3వ సెక్షను సమానత్వమును, మర్యాదతో గూడిన జీవితమును ప్రభుత్వముచేత పూచీపరచినది. అదే సెక్షను 3వ ఉపసెక్షను మరింత ముఖ్యము. వైకల్యము కారణముగా ఏ వ్యక్తియెడలను వివక్ష చూపరాదు. ఒకే ఒక మినహాయింపు కలదు: చేసిన పని న్యాయమైన లక్ష్యమును సాధించుటకు తగినంత మాత్రపు సాధనమని చూపబడవలెను. "చూపబడవలెను" అను ఈ క్రియాపదము మీద పాఠకులు దృష్టి నిలుపవలెను. చూపవలసిన భార మెవ్వరిది? కాలు లేనివానిది కాదు, కాలు విప్పుమన్నవానిది. విమానమును కాపాడుట న్యాయమైన లక్ష్యమే. మేమును ఒప్పుకొందుము. కాని పట్టీతో తుడిచి చూచిన చాలునా, చాలదా? చేతితో తడవిన చాలునా, చాలదా? చాలునన్నచో అంతకు మించి చేసిన ప్రతి పనియు చట్టవిరుద్ధము. చాలదన్నచో, ఏల చాలదో చూపవలెను. చూపుట యనగా నోటితో గద్దించుట కాదు. వ్రాసి, పేరు పెట్టి, చేవ్రాలు చేయుట.

కారణము వ్రాసి యిమ్మని యడుగుట మాకు తోచిన క్రొత్త కోరిక యని ఎవ్వరును అనుకొనవలదు. 1977లో ప్రభుత్వమువారు మేనకా గాంధిగారి పాస్‌పోర్టును స్వాధీనపరచుకొని, కారణము తెలుపుమని ఆమె యడుగగా, ప్రజాహితము దృష్ట్యా తెలుపజాలమనిరి. 1978 జనవరిలో సుప్రీముకోర్టువారు ఆ వ్యాజ్యమున చెప్పినదేమి? మనిషి స్వేచ్ఛను అడ్డగించు పద్ధతి ఏదైనను న్యాయముగాను, సహేతుకముగాను ఉండవలెననియు, యథేచ్ఛగా నుండరాదనియు చెప్పిరి. పరదేశ ప్రయాణపు హక్కును గూర్చి పుట్టిన ఆ తీర్పే నేడు ఈ దేశపు స్వేచ్ఛాన్యాయమునకు మూలస్తంభము. ప్రయాణమునకు కావలసిన పుస్తకమును తీసికొన్నందుకే కారణము చెప్పవలసియున్నచో, ప్రయాణికుని కాలినే తీయించునపుడు కారణము చెప్పనక్కర లేదా?

"దేశభద్రత" యను మాట ఎత్తి మా నోరు మూయింపజూచువారికి ఇప్పుడు సమాధానము చెప్పుదుము. 1999 డిసెంబరు 24వ తేదీన కాట్మండునుండి వచ్చుచున్న మన విమానమును దుండగులు కాందహారునకు త్రిప్పుకొనిపోయిన ఘోరమును మేము మరువలేదు. ఆ పిమ్మటనే, 2000 సంవత్సరము నుండి, విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింపబడుచు వచ్చెను. ఆ దళము నిద్రమాని కాపాడుచున్నది కనుకనే మనము నిర్భయముగా నెగురుచున్నాము. ఆ ఋణమును కాదనము. వికలాంగులను తనిఖీ చేయకుడని మేము కోరుట లేదు. ఏ వికలాంగుడును కోరుట లేదు. విమానము కూలినయెడల చక్రాల కుర్చీలో నున్నవాడును చచ్చును. తనిఖీ చక్కగా జరుగవలెనని ఇతరులకంటె అతనికి తక్కువ కోరిక లేదు. మేము కోరునది పద్ధతి. ప్రత్యేకమైన గదిలో, కుర్చీలో కూర్చుండబెట్టి, తగిన పరికరముతో, చెప్పి చేసిన తనిఖీ మరింత గట్టి తనిఖీ. పదిమంది చూచుచుండగా తొందరలో చేసిన తనిఖీ అవమానమునకు మాత్రమే గట్టిది, భద్రతకు డొల్లది. భటుని కన్ను విప్పిన కాలిమీద నుండగా, వరుసలో మిగిలినవారిని చూచువా డెవడు?

భటునిపై కత్తికట్టుట మా యుద్దేశము కాదు. అతడు దూరపు పల్లెనుండి వచ్చిన మన బిడ్డయే. గంటల తరబడి నిలుచుండి, వేలమందిని తడవి, అలసియుండును. కృత్రిమపాద మెట్లుండునో, దానిని విప్పి మరల తొడుగుట కెంత సేపు పట్టునో, విప్పినపుడు మొండికాలిపై నొప్పి యెట్లుండునో అతనికి ఎవ్వరును చూపియుండరు. జయపూరులో రామచంద్ర శర్మ యను శిల్పియు, డాక్టరు సేఠీయు కలిసి 1968 నాటికి రబ్బరుతోను కొయ్యతోను అల్పవ్యయమున పాదము నిర్మించి, పేదవానిని మరల పొలమునకు నడిపించిన దేశమిది. ఆ దేశపు భటునికే ఆ పాదము అనుమానపు వస్తువుగా కనబడినచో, తప్పు నేర్పవలసినవారిది. 2016 చట్టము 47వ సెక్షను పోలీసు అధికారులకును, న్యాయవాదులకును, న్యాయమూర్తులకును వికలాంగుల హక్కులను శిక్షణలో భాగముగా నేర్పవలెనని శాసించినది. పుస్తకము చూపి చెప్పిన చాలదు. కృత్రిమపాదము ధరించినవారే వచ్చి, గురువులై, భటులకు నేర్పవలెను.

ప్రభుత్వము తలచినచో చేయలేదా? చేయగలదనుటకు నిదర్శనము మన కన్నులయెదుటనే కలదు. 2022 మే నెలలో రాంచీ విమానాశ్రయమున ఇండిగో సంస్థవారు ఒక వికలాంగ బాలుని విమాన మెక్కనీయలేదు. దేశమున గగ్గోలు పుట్టెను. ఆ నెల ముగియకముందే పౌర విమానయాన డైరెక్టరు జనరలు ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించెను. రెండు నెలలలో నిబంధన మారెను: వైకల్యము కారణముగా విమానసంస్థ ప్రయాణికుని నిరాకరింపరాదు, ఆరోగ్యము సందేహాస్పదమని తోచినచో వైద్యుడు పరీక్షించి వ్రాతపూర్వకముగా అభిప్రాయము నీయవలెను, దానిపై నిర్ణయము గావించి, నిరాకరణకు కారణమును ప్రయాణికునికి వ్రాసి యీయవలెను. చూచితిరా? విమానసంస్థవాడు నిరాకరించినచో కారణము వ్రాయవలెను. ప్రభుత్వపు భటుడు కాలు విప్పుమన్నచో వ్రాయనక్కరలేదు! వర్తకునికొక న్యాయము, సర్కారున కొక న్యాయము. ఈ భేదమునకు సమర్థన యెక్కడ కలదో వెదకినను మాకు కానరాలేదు.

ఇతర దేశములను పొగడుట మాకు అలవాటు కాదు. అయినను మంచిని ఎచటనున్నను గ్రహించుట అవివేకము కాదు. అమెరికాలో ప్రయాణమునకు 72 గంటల ముందుగా టెలిఫోను చేసి తన వైకల్యమును తెలిపినయెడల తనిఖీకడ సాయము ఏర్పాటు చేయు పద్ధతి కలదు. అచట నిలువలేనివానిని కుర్చీలో కూర్చుండగనే చూతురు. ప్రయాణికుడు కోరినచో ప్రత్యేకమైన గదిలో, తోడు మనిషి యెదుట చూతురు. 2001లో నాలుగు విమానములను ఒక్కనాడే దుండగుల పాలుచేసికొన్న దేశమది. భయమునకు వారికంటె హెచ్చు కారణము మనకు లేదు. అట్టి దేశము కుర్చీలోని మనిషిని కుర్చీలోనే చూడగలిగినచో, మనకు సాధ్యము కాకపోవుటకు హేతువేమి?

మన దేశమున నిబంధనలు లేకపోలేదు. పౌర విమానయాన భద్రతా సంస్థవారు ప్రత్యేకావసరములు గలవారి తనిఖీని గూర్చి 2014లోనే ఉత్తరువు లిచ్చిరి. 2019లో అదే సంస్థవారు 84 విమానాశ్రయములలో శరీరమంతయు చూచు యంత్రములను 2020 మార్చిలోగా నెలకొల్పవలెననిరి. గడువు గడచిపోయి యేండ్లైనను దేశమునందలి అన్ని ద్వారములకు ఆ యంత్రములు రాలేదు. ఉత్తరువులకు కొరత లేదు. ఉత్తరువును ప్రయాణికునికి తెలుపుటకే కొరత. ఆ కాగితము అధికారుల బీరువాలో భద్రముగా నున్నది. విమానముకంటె దానికే కాపుదల హెచ్చు.

సలహాగా వ్రాసిన నియమమునకు ఎంత విలువయో 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టువారు రాజీవ్ రతూరి వ్యాజ్యమున చెప్పనే చెప్పిరి. భవనములు, రవాణా మొదలగునవి వికలాంగులకు అందుబాటులో నుండుటను గూర్చిన నిబంధన కేవలము సలహా రూపమున నుండుట మూలచట్టమునకు విరుద్ధమని కొట్టివేసి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు నెలలలో ఏర్పరుపుడని ఆజ్ఞాపించిరి. ఆ విచారణకు ఆధారముగా నిలిచిన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదునందలి నల్సారు న్యాయవిశ్వవిద్యాలయమని చెప్పుటకు మాకు గర్వముగా నున్నది. తెలుగునాటి విద్యాలయము దేశమునకు దారి చూపినపుడు, తెలుగునాటి విమానాశ్రయములు ముందుగా ఆ దారి త్రొక్కుట న్యాయము కదా!

కావున మేము కోరునవి ఇవి. మొదటిది: శంషాబాదు, గన్నవరము, విశాఖపట్టణము, రేణిగుంట, రాజమహేంద్రవరము మొదలగు ప్రతి విమానాశ్రయమునను తనిఖీ ద్వారముకడ ప్రయాణికుని హక్కులను పెద్దయక్షరములతో తెలుగున వ్రాసి తగిలింపవలెను, చూపు లేనివారికి వినిపింపవలెను. రెండవది: తెర గాని తలుపు గాని గల ప్రత్యేకస్థలము, అందొక కుర్చీ, తోడు మనిషికి అనుమతి, స్త్రీకి స్త్రీ యధికారి, ఇవి అడుగకముందే సిద్ధముగా నుండవలెను. మూడవది: ఎవరినైనను కృత్రిమావయవము విప్పుమని యడిగినయెడల, లేక కుర్చీనుండి లేవుమని యడిగినయెడల, అడిగిన అధికారి తన పేరు, సంఖ్య, కారణము, వేళ వ్రాసి చేవ్రాలు చేసి, ఒక ప్రతిని ప్రయాణికుని చేతికీయవలెను. నాలుగవది: చట్టము 23వ సెక్షను ప్రకారము నియమింపవలసిన ఫిర్యాదుల అధికారి పేరును ఆ ఫలకము మీదనే వ్రాయవలెను. ఫిర్యాదును రెండు వారములలో విచారింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. అయిదవది: ఇట్టి కాగితములు సంవత్సరమున కెన్ని వ్రాయబడినవో లెక్కకట్టి ప్రకటింపవలెను.

వీనిలో మూడవదానినే మేము ముఖ్యముగా పట్టుకొందుము. దానికి కోట్ల వ్యయము లేదు. విదేశపు యంత్ర మక్కరలేదు. ఒక కాగితము, ఒక కలము చాలును. నిజముగా అసాధారణమైన కారణము కలవాడు వ్రాయుటకు వెనుదీయడు. కారణము లేనివాడు కలము పట్టగానే ఆలోచించును. ఆ ఆలోచన కలిగిన క్షణముననే కాలు విప్పుమను మాట చాలవరకు నోటిలోననే ఆగిపోవును.

చట్టములో శిక్షలు లేకపోలేదు. బహిరంగస్థలమున వికలాంగుని కించపరచు తలంపుతో కావలసికొని అవమానించినవానికి 92వ సెక్షను ఆరు నెలలకు తక్కువకాని, అయిదేండ్ల వరకు పోగల జైలుశిక్షను విధించుచున్నది. కాని దురుద్దేశము రుజువు కావలెను; అలసటలో తప్పు చేసిన భటుని దురుద్దేశమును రుజువు పరచుట కష్టము, ఆతనిని జైలునకు పంపుట మా యభిలాషయు కాదు. శిక్షించు సెక్షనుకంటె, తప్పు జరుగకుండ చేయు కాగితము మేలు.

ఇక చదువరులకు రెండు మాటలు. మీ యింట వికలాంగు లున్నచో, లేక శస్త్రచికిత్స జరిగినవా రున్నచో, సదరము పత్రమును గాని కేంద్రప్రభుత్వపు వికలాంగుల గుర్తింపుకార్డును గాని, వైద్యుని వ్రాతను గాని వెంట ఉంచుకొనుడు. అది పని సుళువు చేయును. కాని పత్రము లేనంతమాత్రమున మర్యాదకు అనర్హులమని తలంపవలదు. యంత్రముకడకు పోకముందే మీ స్థితిని చెప్పుడు. ప్రత్యేకస్థలమున చూడుడని కోరుడు. సమ్మతి లేక మిమ్ము నెవ్వరిని ఎత్తనీయకుడు. విప్పుమన్నచో, కారణము వ్రాసి యిమ్మని మెత్తగా, గట్టిగా అడుగుడు. ఈయకపోయినయెడల తేదీ, వేళ, ద్వారము సంఖ్య వ్రాసికొని, ఇల్లు చేరిన దినముననే ఫిర్యాదు పంపుడు. ఒక్క ఫిర్యాదు కాగితము. నూరు ఫిర్యాదులు వ్యాజ్యము. న్యాయవాదులైన మా సోదరులు అట్టి ఫిర్యాదులను ప్రతిఫలము లేక వ్రాసిపెట్టుట తమ వృత్తికి అలంకారముగా భావింతురని నమ్ముచున్నాము.

వరుసలో వెనుక నిలిచినవారికిని ఒక మనవి. ముందున్నవాని తనిఖీ ఆలస్యమగుచున్నదని గొణుగకుడు. చేతిగడియారము చూచుకొని నిట్టూర్చకుడు. ఆతని మొగము మీదినుండి మీ చూపు త్రిప్పుకొనుడు. కాని చెవి అచటనే యుంచుడు. అన్యాయము జరిగినచో సాక్షిగా నిలువుడు. తనిఖీ బల్లమీద విప్పి పెట్టిన ఆ కాలు ఒక్కని కాలు కాదు. ఈ దేశపు పౌరుని మర్యాద ఏ కొలతకు వచ్చినదో ఆ పళ్ళెములో అందరికిని కనబడుచున్నది.

కాలు విప్పుమను శాసనము మేము వెదకితిమి, కానరాలేదు. విప్పుమనరాదను తీర్పు కలదు. మర్యాద కాపాడుమను చట్టము కలదు. ఇక ప్రభుత్వమువారి వంతు. ఆ శాసనమున్నచో చూపవలెను. లేనిచో ఆ మాటను రేపటినుండి మానిపింపవలెను.